పేరు వేయించిన పైపు

"నీకు ఎన్నిసార్లు చెప్పాలమ్మా, అది గిన్నె కాదు!" అంది నాగశ్రీ.

"గిన్నె కాదని నాకు మాత్రం తెలీదా? గిన్నయితే మూతేదని వాణ్ణి నిలదీసి ఉండేదాన్ని," అంది భ్రమరాంబ. "నేననేది ఒక్కటే. పట్టుకుని చూడు. బరువు చూడు, బరువు."

ఆదివారం పొద్దున్న ఇడ్లీల దగ్గర మొదలైన ఈ వాదన, పప్పు ఉడికి, కుక్కరు చల్లారి, భోజనాలు అయ్యేసరికి కూడా ఒక కొలిక్కి రాలేదు. వాదనకు కారణమైన వస్తువు డైనింగ్ టేబులు మధ్యలో, పచ్చడి జాడీలను పక్కకు నెట్టి, పాత పేపరు మీద పడుకుని ఉంది. మూరెడు పొడవు. ఒకచోట మోచేతిలా వంపు. రెండు చివర్లా మందపాటి స్టీలు పలకలు, వాటికి బోల్టు రంధ్రాలు. పైన సగం వరకూ ఒక తువ్వాలు కప్పి ఉంది. కప్పని సగం తళతళలాడుతోంది. ఆ మెరుపు చూసినప్పుడల్లా భ్రమరాంబకు లోపలెక్కడో ఇప్పటికీ గర్వంగానే ఉంది.

అది వాళ్ళ కారు పైపు. కారేమో టర్బో కారు. ఇంజను వదిలే పొగ ముందు ఆ టర్బోను తిప్పి, తర్వాత ఈ పైపులోంచి కిందికి దిగి, కారు పొట్ట కింద నుంచి సైలెన్సరు వైపు పోవాలి. పాత పైపు పగిలింది. కొత్తది కొన్నారు. కొన్నది భ్రమరాంబ. కంచరపాలెం మెకానిక్ ఎల్లాజీ దాన్ని అన్ని వైపులా తిప్పి, అన్ని రకాలుగా బుజ్జగించి చూసి, పట్టడం లేదని సంచీలో పెట్టి తిరిగిచ్చేశాడు.

"ఏవండీ, మీరైనా చెప్పండి," అంది భ్రమరాంబ భర్త వైపు తిరిగి.

శివరామకృష్ణ స్టీలు ప్లాంటులో రోలింగ్ మిల్లు ఫోర్‌మన్. పెళ్ళైన కొత్తలో తణుకు నుంచి వచ్చి ఉక్కునగరం క్వార్టర్సులో దిగినప్పటి నుంచీ ఆయన ఇంట్లో ఏ విషయం మీదా రెండు వాక్యాలకు మించి మాట్లాడింది లేదు. చూపుడు వేలి గోటితో పైపును ఒకసారి టంగుమనిపించి, చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"స్టీలు మంచిదే," అన్నాడు.

"విన్నావా!"

"స్టీలు మంచిదన్నాను. పైపు మంచిదని అన్లేదు." ఆ రోజు కోటా అయిపోయినట్టు ఆయన మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు.

గోడవారన మంచం మీద కూర్చున్న అత్తగారు ఒత్తులు చేసుకుంటూ అడిగారు. "ఇంతకీ అది దేనికే భ్రమరా? నీళ్ళకా, గ్యాసుకా?"

"పొగకి అత్తయ్యా."

"పొగకా! మా రోజుల్లో పొగ దాని దారిన అది పోయేది. దానికి డబ్బులిచ్చి గొట్టాలు కొనేవాళ్ళం కాదు."

పైపు గురించి ఇంత రభస జరగడానికి ఒక కారణం ఉంది. నాగశ్రీకి అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. పొద్దున్నే ఆటో, ఆ తర్వాత బస్సు, ఆ తర్వాత మళ్ళీ ఆటో. సాయంత్రం అదే వరస తిరగేసి. ఆమెతో పనిచేసే ఆశాజ్యోతిది ఎలమంచిలి, కంపెనీకి దగ్గరే. వాళ్ళ మేడ మీద గది ఖాళీగా ఉంది, వచ్చి ఉండమని వేసవి నుంచీ పిలుస్తోంది. ఆ మాట శ్రీ ఇంట్లో ఎత్తిన రోజు భ్రమరాంబ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్న రెండట్లు ఎక్కువ తిన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ అట్లు తింటూండగానే ఆమెకు ఉపాయం తట్టింది. కారు! కారుంటే శ్రీ గంటలో ఇంట్లో ఉంటుంది, వేరే ఊళ్ళో గదెందుకు? శివరామకృష్ణ దాచిన డబ్బు తీశాడు. సెకండ్ హ్యాండ్‌లో, పిల్లకు నచ్చిన టర్బో బండి వచ్చింది. శ్రీ సంతోషించింది కానీ ఒక మాట అంది. "సరేమ్మా. కారు నడిచినన్నాళ్ళూ ఇంటి నుంచే వెళ్తాను. ఆగిపోయిందంటే మాత్రం నన్ను ఆపకు."

భ్రమరాంబ దిష్టి తీసి మరీ ఒప్పుకుంది.

కారు ఇప్పుడు ఆగిపోయింది. అంటే, కూతురు ఇంట్లో ఉండటం అనేది ఒక మూరెడు గొట్టం మీద ఆధారపడి ఉంది. ఇలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? కంపెనీవాళ్ళ పైపు తెప్పిస్తారు. కూతుర్ని కళ్ళ ముందుంచుకోవడానికి ప్రాణమైనా ఇస్తానని అందరితో అన్న భ్రమరాంబ, షోరూమువాడు చెప్పిన ధర వినగానే కుర్చీ వెతుక్కుని కూర్చుంది. అది కూడా చెన్నై నుంచి రావాలట. ప్రాణమైతే ఇక్కడే ఉంది కనుక ఇచ్చేయొచ్చు గానీ, అంత డబ్బు ఒక పొగ గొట్టానికి ఎలా ఇస్తారు? ఫోన్‌లో వెతికితే అదే పైపు, బొమ్మలో అచ్చం అదే వంపు, మూడో వంతు ధరకు దొరికింది. 'మీ కారుకు సరిగ్గా సరిపోతుంది' అని కింద రాసుంది కూడా. రాశాక అబద్ధమెందుకవుతుందని ఆమె నమ్మకం.

పైపు వచ్చిన రోజున ఆమె దాన్ని పరీక్షించకుండా ఊరుకోలేదు. పెళ్ళైన నాటి నుంచి వన్ టౌన్ గిన్నెల షాపుల్లో నేర్చిన విద్య ఆమెకు ఉంది. స్టీలు సామానుకు రెండు పరీక్షలు. బరువుండాలి, అయస్కాంతం అంటుకోకూడదు. ఫ్రిజ్ మీది చిలక బొమ్మ అయస్కాంతం పీకి పెట్టి చూసింది. చిలక జారి కింద పడింది. ఎల్లాజీ విప్పి ఇచ్చిన పాత పైపును ఒక చేత్తో, కొత్తదాన్ని ఇంకో చేత్తో పట్టుకుని తూచింది. కొత్తది చెయ్యి లాగేస్తోంది. ఇంకేం కావాలి? పాత పైపు మధ్యలో అల్లిక జాలీలా ఒక మెత్తటి ముక్క ఉంది. అది కొత్తదానిలో లేదు. పగిలింది ఆ ముక్కే కాబట్టి, అది లేకపోవడం మరీ మంచిదని భ్రమరాంబ తేల్చేసింది.

"నేను ఇప్పుడే రిటర్న్ పెట్టేస్తాను," అంది నాగశ్రీ ఫోన్ తీస్తూ. "ఫోటో కావాలంట. ఆ తువ్వాలు తియ్."

"ఇప్పుడెందుకే, తినే చోట..."

"తినడం అయిపోయింది కదా."

"నూనె మరకలవుతాయని కప్పాను, ఉండనీ."

"ఏటమ్మా నువ్వు! పైపుకి తువ్వాలేటి?" కోపం వస్తే శ్రీ నోట్లో తణుకు మాయమై విశాఖపట్నం బయటికొస్తుంది. ఒక్క లాగు లాగింది. పైపును వెలుగు వైపు తిప్పింది. ఫోన్ పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

వంపుకు కొంచెం పైన, చుక్కచుక్కల అక్షరాల్లో, 'యం. భ్రమరాంబ, ఉక్కునగరం' అని ఉంది. పేరుకు రెండు పక్కలా రెండు చిన్న పువ్వులు.

శివరామకృష్ణ పేపరు దించాడు.

"ఏం రాసుంది?" అన్నారు అత్తగారు.

"నీ కోడలి పేరు," అన్నాడు శివరామకృష్ణ.

"పోన్లే, బావుంది. తేదీ వేయించలేదేం?"

భ్రమరాంబ దగ్గర జవాబు లేకపోలేదు. మెకానిక్కులు మంచి పార్టులు మార్చేసి పాతవి బిగించేస్తారని లోకమంతా అంటుంది. ఇంత బరువైన, అయస్కాంతం అంటని స్టీలును ఊరూ పేరూ లేకుండా షెడ్డులో ఎలా వదిలేస్తాం? వినాయక చవితికి పక్కింటివాళ్ళకిచ్చే గిన్నెల మీద పేర్లు వేయించడానికి ఎలాగూ వన్ టౌన్ వెళ్తోంది. చేతిసంచీలో దీన్ని కూడా వేసుకుంది. పేర్లు వేసే ముసలాయన కళ్ళజోడు సర్దుకుని పైపును పైకీ కిందికీ చూసి, "సందర్భం ఏటని రాయమంటారమ్మా? గృహప్రవేశమా, సీమంతమా?" అన్నాడు. సందర్భం ఏమీ లేదు, పేరు చాలంది. పువ్వులు ఆయనే అలవాటు కొద్దీ వేశాడు. వాటికి డబ్బు తీసుకోలేదు కూడా. అందుకు ఆమె దారి పొడవునా సంతోషిస్తూ వచ్చింది.

అదంతా విన్నాక నాగశ్రీ ముందు నవ్వింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఎక్కడ ఆగిందో తెలీలేదు. "రేపు నన్ను ఐదింటికి లేపమ్మా. ఐదుంపావు ఆటో దాటితే సీటు దొరకదు," అని గదిలోకి వెళ్ళిపోయింది.

తిట్టినా బాగుండేదని అనిపించింది భ్రమరాంబకు.

రిటర్న్ ప్రయత్నం ఆమె మానలేదు. మర్నాడు ఒంటరిగా కూర్చుని, అమ్మినవాడితో ఫోన్‌లో టైపు చేస్తూ చాలాసేపు వాదించింది. ఫోటో చూసి 'కస్టమర్ మార్పులు చేసిన వస్తువు వెనక్కి తీసుకోబడదు' అన్నాడు. 'పేరు రాసినంత మాత్రాన పైపు అరిగిపోతుందా బాబూ, మా ఇంట్లో నా పేరున్న బిందె పాతికేళ్ళుగా చెక్కు చెదరలేదు' అని ఆమె రాసింది. 'మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు' అని వచ్చింది. ఆమె బిందె సంగతి ఇంకా వివరంగా రాసింది. మళ్ళీ అదే ధన్యవాదాలు. మూడోసారి కూడా అదే వచ్చాక, అవతల ఉన్నది మనిషి కాదని, తను ఇంతసేపూ ఒక మిషనుకు తన బిందె చరిత్ర చెప్పుకుందని అర్థమైంది. అదృష్టవశాత్తూ ఇంట్లో ఎవరూ చూడలేదు.

దాంతో పైపును మళ్ళీ సంచీలో వేసుకుని కంచరపాలెం బస్సెక్కింది. ఇంటికి దగ్గర గాజువాకలో మెకానిక్కులు లేక కాదు. వందడుగులకొక షెడ్డు ఉంది. ఎల్లాజీ చెయ్యి చవక అని ఎవరో అంటే, అంత దూరం పెట్రోలు కాల్చుకుంటూ, పగిలిన పైపుతో బండిని రైలు పట్టాల పక్కన ఉన్న అతని షెడ్డుదాకా తోలించింది కూడా భ్రమరాంబే.

ఎల్లాజీ ఆమెను చూడగానే స్పానరు కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. సంచీలోంచి పైపు బయటికి రాగానే పేరు చదివాడు. మొదటిసారి వచ్చినప్పుడు గ్రీజు చేతులతో పట్టుకుని అతను ఆ పక్క చూడలేదట.

"ఇదేటమ్మా, పెళ్ళిలో సదివింపులకి ఒచ్చిందేటి?"

"నీ పని నువ్వు చూడు ఎల్లాజీ."

"సూత్తాను. నాను సెప్పేది ఇనండి. మీ పైపు మంచిదే. మీ కారూ మంచిదే. రెండూ కలిసి కాపరం సెయ్యవు. కారు సింహాచలం ఏపు సూత్తంటే, పైపు సముద్రం ఏపు సూత్తంది."

"ఎంత తేడా ఉంటుందేమిటి? ఇంతే కదా," అంది ఆమె బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి. "జాకెట్టు బిగువైతే కుట్టు విప్పి వదులు చెయ్యవూ? అలాగే చెయ్యి."

"జాకెట్టేటమ్మా!" ఎల్లాజీ నవ్వాడు. కానీ అతనికి కాదనడం చేతకాదు. ఆ సుగుణం వల్లే అతని షెడ్డులో సగం బండ్లు సగం సగం విప్పి ఉన్నాయి. "సర్లెండి. సేద్దాం. అయిపోద్ది."

ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని దగ్గరుండి చేయించింది. బోల్టు రంధ్రాలు కలవకపోతే కోలగా సాగదీయించింది. సెన్సరు పెట్టే రంధ్రం వేరే చోట ఉంది, దాని తీగ జానెడు తక్కువైంది. ఇంకో తీగ ముక్క అతికించారు. పైపు వంపు పైన ఉన్న రేకుకు తగులుతోంటే, "రేకునే కొంచెం లోపలికి కొట్టరాదూ?" అని సలహా ఇచ్చింది. ఎల్లాజీ కొట్టాడు. తను లేకపోతే ఈ పని అయ్యేది కాదని ఆమెకు గట్టిగా అనిపించింది.

"ఒక్క మాటమ్మా," అన్నాడు ఎల్లాజీ కారు కింద నుంచే. "ఇది బరువెక్కువ. పైపుని పట్టుకునే రబ్బర్లున్నాయి సూడండి, పాతవి. ఇయి దీన్ని మొయ్యలేవు. కొత్తయి ఏసీద్దాం."

"ఎంతవుతాయి?"

అతను చెప్పాడు. అది పెద్ద మొత్తమేమీ కాదు. రెండు కొబ్బరికాయలకు కాస్త ఎక్కువ. అయినా భ్రమరాంబ వంగి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, కారు కిందికి తొంగి చూసింది. "బాగానే ఉన్నాయిగా. ఇనప తీగతో ఓ చుట్టు చుట్టెయ్," అంది.

"నాను సెప్తన్నాను..."

"నేనూ చెప్తున్నాను."

ఇనప తీగ చుట్టారు. బండి స్టార్టు చేస్తే పట్టాల మీద వెళ్తున్న గూడ్సు బండి చప్పుడు ఒక్క క్షణం వినబడలేదు.

"కొత్తది కదా, మొదట అలాగే ఉంటుంది. నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది," అంది భ్రమరాంబ. చెప్పుల గురించి అయితే ఆ మాట నిజమే.

శివరామకృష్ణ డ్యూటీ దిగి అక్కడికొచ్చేసరికి ఆమెకు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. నేరుగా అచ్యుతాపురం వెళ్ళి, షిఫ్టు వదిలే వేళకు గేటు ముందు నిలబడితే? శ్రీ బయటికొచ్చి కారును చూస్తుంది. తల్లిని చూస్తుంది. ఇక ఎలమంచిలి మాట ఎత్తదు.

దారంతా జనం తిరిగి తిరిగి చూశారు. కారు ఫిషింగ్ హార్బరు నుంచి బయల్దేరిన మరపడవలా అరుస్తోంది. స్టీరింగు ముందు పసుప్పచ్చ లైటొకటి వెలిగింది. "అదేమిటండీ?" అంటే, "ఇంజను ఏదో చెప్తోంది," అన్నాడు ఆయన. కాసేపటికి లోపల కాలిన వాసన వచ్చింది. భ్రమరాంబ అద్దం దించి, గాలి బాగుందంది. ఆయన ఆమె వైపు చూశాడు. మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. రెండు వాక్యాల మనిషిని చేసుకోవడంలో ఉన్న సుఖం ఆమెకు అప్పుడప్పుడు ఇలా తెలుస్తుంటుంది.

గేటుకు కాస్త ఇవతల స్పీడ్ బ్రేకర్ ఉంది. షిఫ్టు అప్పుడే వదిలారు. నీలం కోట్లు చేతికి వేసుకుని పిల్లలు గుంపులుగా బస్సుల వైపు వస్తున్నారు. వాళ్ళలో శ్రీని వెతుకుతూ భ్రమరాంబ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి ఊపింది. ముందు చక్రాలు దిగాయి. వెనక చక్రాలు ఎక్కాయి. కింద ఏదో టప్పున తెగింది, ఆ వెంటనే వంట గదిలో అలమరంతా కూలినంత మోత. తర్వాత రోడ్డు మీద ఇనుము ఈడ్చుకుపోతున్న చప్పుడు. నిప్పురవ్వలు కూడా వచ్చాయని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు.

కారు ఆగింది. జనం చుట్టూ చేరారు. ఊపిన చెయ్యి ఇంకా బయటే ఉందని ఆమెకు ఆలస్యంగా గుర్తొచ్చి లోపలికి తీసుకుంది.

నాగశ్రీ, ఆశా గుంపును తప్పించుకుని ముందుకొచ్చారు. శివరామకృష్ణ మోకాళ్ళ మీద కూర్చుని కారు కిందికి చూస్తున్నాడు. ఆశ కూడా వంగింది. పైపు ఒక కొస ఊడి, మెరిసే పక్క బయటికి తిరిగి, రోడ్డుకు ఆనుకుని ఉంది.

"ఆంటీ!" అంది ఆశ, ఆశ్చర్యంతో. "దీనిమీద మీ పేరుంది!"

ఆ మాట గేటు దాకా వినిపించింది. ఎవరో "ఏదీ, ఏదీ" అన్నారు. ఒకబ్బాయి ఫోన్ తీశాడు. దొంగలు ఎత్తుకుపోకుండా వేయించిన పేరు, నడిరోడ్డు మీద పడ్డాక అది ఎవరిదో పదిమందికీ చెప్పడానికి బాగా పనికొచ్చింది. పువ్వులు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

భ్రమరాంబ కూతురి మొహం వైపు చూసింది, కోపం కోసం వెతుకుతూ. కోపం లేదు. శ్రీ రోడ్డు పక్క రాయి మీద బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "అమ్మా, నీకు దెబ్బేం తగల్లేదు కదా?" అంది. అంతే. ఆ పిల్ల కళ్ళ కింద నల్లటి చారలు ఎప్పటి నుంచి ఉన్నాయో భ్రమరాంబకు తెలీదు. రోజూ చూస్తూనే ఉంది. పొద్దున్న చీకట్లో, సాయంత్రం చీకటి పడ్డాక. ఆదివారాలు కూడా పగటి వెలుగులో ఆ మొహం వైపు సరిగ్గా చూసి చాన్నాళ్ళయింది.

ఎల్లాజీకి ఫోన్ చేస్తే, "రబ్బర్లు!" అన్నాడు, హలో కంటే ముందు. పొద్దున్న వచ్చి బండిని ఈడ్చుకెళ్తానన్నాడు. కారును తోసి గేటు పక్క గోడవార పెట్టారు. ఆశ వాళ్ళ బాబాయి ఆటో వస్తోందని, కాస్త కాఫీ తాగి వెళ్దురుగాని రండని ఆశ పట్టుబట్టింది. భ్రమరాంబ వద్దనడానికి నోరు తెరిచి, వద్దని ఎక్కడికి వెళ్తుందో తోచక మూసేసింది.

ఎలమంచిలిలో ఆటో దిగేసరికి ఇంకా ఎండ ఉంది. వాకిట్లో బట్టలు ఇంకా ఆరుతున్నాయి. భ్రమరాంబ అది గమనించింది. ఆశ రోజూ ఈ వేళకు ఇంట్లో ఉంటుంది.

ఆశ తల్లి గురువమ్మ కాఫీలిచ్చింది, జంతికలు పెట్టింది. పైపు కథ విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీ మీద కాదమ్మా నవ్వేది," అంది నవ్వుతూనే. "నానూ అంతే. మా బోరు మోటారుకి సవక బేరింగు తెప్పించీసి, మూడు నెల్లు మా ఆయన సేత పక్కింటి నీళ్ళు మోయించాను."

ఆ మాటకు భ్రమరాంబ మొదటిసారి నవ్వింది. నవ్వుతూ శ్రీ వైపు తిరిగింది, నువ్వూ నవ్వు అన్నట్టు. శ్రీ కుర్చీలో అలాగే ఒరిగి నిద్రపోతోంది. చేతిలో కొరికిన జంతిక ముక్క ఉంది.

"లే శ్రీ, వెళ్దాం..."

"లెగపకండమ్మా," అంది గురువమ్మ గొంతు తగ్గించి. "అలిసిపోనాది పిల్ల. రండి, మేడ మీద గది సూద్దురుగాని. మీరొత్తే సూపించమని ఆశ ఎప్పటినుంచో అంతంది."

భ్రమరాంబ గదిని గిన్నెను చూసినట్టు చూసింది. కుళాయి తిప్పింది, నీళ్ళు ధారగా వచ్చాయి. తలుపు గడియ నాలుగుసార్లు వేసి తీసింది. కిటికీ ఊచలు పట్టుకుని ఊపింది. బాత్రూము గోడల్లో చెమ్మ కోసం అరచెయ్యి ఆనించి చూసింది. ఒక్క లోపమైనా దొరికితే బాగుండునని ఆమె నిజంగా కోరుకుంది. దొరకలేదు. చివరికి, "ఇక్కడ రైళ్ళ చప్పుడు ఉంటుందేమో," అంది. కంచరపాలెం పట్టాల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని వచ్చిన మనిషి అనవలసిన మాటే అది.

"ఉంటాది. రెండ్రోజుల్లో అలవాటైపోద్ది," అంది గురువమ్మ.

కిందికొచ్చాక శ్రీని లేపలేదు. "పొద్దున్న ఇక్కణ్ణుంచే ఆశతో డ్యూటీకి వెళ్తుంది, పడుకోనివ్వండి," అని భ్రమరాంబే అంది. శివరామకృష్ణ ఆమె వైపు రెండుసార్లు చూశాడు. చెప్పులు వేసుకుంటూ ఆమె వెనక్కి వెళ్ళి, కూతురి చేతిలోని జంతిక ముక్క మెల్లగా తీసి, ఎక్కడ పెట్టాలో తెలీక తనే తినేసింది.

దువ్వాడ పాసింజరులో కిటికీ పక్క సీటు దొరికింది. భ్రమరాంబ తన తెలివితేటలన్నీ ఒక్కొక్కటిగా ముందు వేసుకుని చూసుకుంది. ప్రాణమిస్తానంది, పైపుకు ధర ఇవ్వలేదు. పైపు దగ్గర మిగిల్చింది చాలక రబ్బర్ల దగ్గర కూడా మిగిల్చింది. బరువుంటే మంచిదంది; ఆ బరువే రబ్బర్లు తెంపింది. ఇదంతా సరే, నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ ఒకటి నవ్వుకు లొంగడం లేదు. కారు బాగున్న రోజుల్లో కూడా శ్రీ ఇంటికొచ్చి కంచం ముందు ఇలాగే తూగేది. రాత్రుళ్ళు ఫోన్ చూస్తోందని తను సణిగేది. అంత నిద్రను కళ్ళలో పెట్టుకుని ఆ పిల్ల హైవే మీద లారీల మధ్య రోజూ కారు నడుపుకుంటూ వచ్చింది, తల్లి అన్నం మానేస్తుందని. కంపెనీ పైపు వేయించి ఉంటే ఇవాళ కూడా నడుపుతూనే ఉండేది.

"స్టీలు మంచిదేనే," అన్నాడు శివరామకృష్ణ, ఆమెను ఓదార్చాలని.

"మీరూరుకోండి," అంది ఆమె. కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్న ఉప్మా చేసింది. అందరూ టేబులు దగ్గరే ఉన్నారు. అత్తగారికి మంచం మీదికే ప్లేటు ఇవ్వబోతే, ఇవాళ తనూ కుర్చీలో కూర్చుంటానని వచ్చారు. శివరామకృష్ణ కారును షోరూము షెడ్డుకు పంపే సంగతి ఫోన్‌లో మాట్లాడి పెట్టేశాడు. నాగశ్రీ మర్నాటి ఆటో టైము గురించి ఏదో అంటూ నిమ్మకాయ ముక్క అందుకుంటోంది.

భ్రమరాంబ అందరికీ వడ్డించి, తనూ పెట్టుకుని, కూర్చుంది. ప్లేటులో జీడిపప్పులు ఒక పక్కకు ఏరుతూ, ఉప్మాలో ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతుతో అంది:

"శ్రీ ఒకటో తారీఖు నుంచి ఎలమంచిలిలో ఉంటుంది. గురువమ్మగారికి నిన్ననే ఫోన్ చేసి చెప్పాను."

నిమ్మకాయ పిండుతున్న చెయ్యి ఆగింది. శివరామకృష్ణ తలెత్తాడు.

"ఎవరే, ఎక్కడుంటారు?" అన్నారు అత్తగారు.

"శ్రీ అత్తయ్యా. ఎలమంచిలిలో," అంది భ్రమరాంబ. "ఆదివారాలు వస్తుంది."